వెనక్కి తిప్పి చూడమన్న మామ్మగారు

లక్క కాలిన వాసన ఒకసారి ముక్కుకి పట్టిందంటే సాయంత్రం దాకా వదలదు. ఇవాళ పొద్దున్న మా కొట్టు వెనకగదిలో మెడలో వేసుకునే ఒక పాత కంటెను మంట కింద పెట్టారు. అమలాపురంలో నేను పనిచేసే నగల దుకాణంలో నా కుర్చీ పాత బంగారం మార్చుకునే బల్ల వెనక ఉంటుంది. తెచ్చినవాళ్ళ దగ్గర నగ తీసుకుని, తూకం వేయించి, కాగితం మీద సంతకం చేయించి, కరిగించడానికి వెనకగదికి పంపడం నా పని. ఎక్కువ మాట్లాడక్కర్లేదనే ఈ బల్ల దగ్గర కుదిరాను. ఆ కంటె లోపల బోలు. పాతకాలపు పనివాళ్ళు అలాంటి నగలు సొట్టపడకుండా లోపల లక్క నింపేవారు. మంట తగలగానే ఆ లక్క బుడగలు కక్కుతూ బయటికొచ్చింది. అప్పటినుంచి నాకు కుర్చీలో నిలకడ లేదు. ఎందుకంటే పంపేముందు నేను దాన్ని వెనక్కి తిప్పి చూశాను. కొక్కెం పక్కన గోరంత అతుకు ఉంది. ముందువైపు నుంచి ఎంత వెతికినా దొరకదు. వెనకవైపు మాత్రం దాచకుండా వదిలేశారు. అలా అతికే మనిషిని నేను ఒక్కరినే ఎరుగుదును. "ఇంకేవన్నా చెప్పాలాండి?" అని అడిగింది కంటె తెచ్చినావిడ. "ఏం లేదండి" అన్నాను.

ఆ అతుకు వేసిన మనిషి వరాలమ్మ గారు. చుట్టరికం ఏమీ లేకపోయినా మామ్మగారు అని పిలిచేదాన్ని. ఇదే ఊళ్ళో, కాలవగట్టుకి దగ్గర్లో ఒక సందులో పెంకుటింట్లో ఉండేవారు. ముందుగదిలో గీటురాయీ, త్రాసూ పెట్టుకుని ఆవిడ భర్త ఆచారి గారు కూర్చునేవారు. అందరి దృష్టిలో పనివాడు ఆయనే. కానీ ఆయన చేతులు వణకడం మొదలై చాలా ఏళ్ళయింది. వెనక వసారాలో కుంపటి ముందు కూర్చుని పనంతా చేసేది ఆవిడే. నగ చూసి ఎవరైనా మెచ్చుకుంటే ఆచారి గారు మీసం సవరించుకుని "ఏదోనండి, చెయ్యి అలవాటు" అనేవారు. "ఎవరి చెయ్యో కూడా చెప్పండి" అని వసారాలోంచి సుత్తి చప్పుడుతో పాటు మాట వచ్చేది. ఆయన వినిపించనట్టు అటు తిరిగేవారు.

మాది బండారులంక, నేత ఇల్లు. డిగ్రీ అయ్యాక ఏడాది పాటు నేను ఇంట్లోనే ఉండిపోయాను. మగ్గం మీది పాత పడుగు చివర్లకి కొత్త పోగులు ఒక్కొక్కటే అతకడం, తీరిక దొరికితే లైబ్రరీ పుస్తకాలు చదవడం, డైరీ రాసుకోవడం. ఇంటికి ఎవరైనా వస్తే పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఒకసారి అమ్మ పగడాల పేరు తెగితే నేనే గుచ్చాను. దాని కొక్కెం కూడా విరిగిందని, అది వేయించుకురమ్మని అమ్మ నన్ను ఆటో ఎక్కించి ఆచారి గారింటికి పంపింది. మామ్మగారు కొక్కెం సంగతి వదిలేసి, పగడాల మధ్య ముడుల్ని కిటికీ వెలుగులో పెట్టి చాలాసేపు చూశారు.

"ఈ ముడులు ఎవరేసేరమ్మా?"

"నేనేనండి."

"పగడాలకి వినపడింది. నాకూ వినపడేలా చెప్పు."

"నేనేనండి. మాది నేతండి."

"అదీ సంగతి! రేపట్నుంచి వచ్చెయ్. గుచ్చాల్సినవి డబ్బాడున్నాయి."

ముందుగదిలోంచి ఆచారి గారు కలగజేసుకున్నారు. "ఆ పిల్ల నోరే తెరవట్లేదు కదే. వచ్చినవాళ్ళతో ఏం మాట్లాడుతుంది?"

"మాట్లాడ్డానికి మీరున్నారు కదా. అలాంటివాళ్ళు ఇద్దరయితే నాకు పని సాగదు."

అలా ఆ వసారాలోకి చేరి మూడేళ్ళు ఉన్నాను. పని చేసేవాళ్ళకి నిదానం ఉంటుందని పుస్తకాల్లో చదివాను. మామ్మగారికి అది లేదు. ఊదుగొట్టం పట్టుకున్నంతసేపే కదలకుండా ఉండేవారు. అది దించగానే లేచి వసారా ఆ చివర్నుంచి ఈ చివరికి తిరిగేవారు. పూర్తయిన గొలుసుని మళ్ళీ విప్పేవారు. "బావుంది కదండి" అంటే "బావుంది, కుదరలేదు" అనేవారు. తేడా ఏమిటో చెప్పేవారు కాదు. దీపం వెలుగులో పని చేసేవారు కాదు. లైటు కింద రాయి అబద్ధం చెప్తుందట. అందుకని మబ్బు పట్టిన రోజున ఆవిడ చిరాకు చూడాలి. ఆకాశం కూడా ఆచారి గారి తప్పే అన్నట్టు ఆయన మీద విరుచుకుపడేవారు.

పాత నగ ఏది వచ్చినా ముందు నా చేతిలో పెట్టి, "తిప్పి చూడు" అనేవారు. ముందు నుంచి చూసేది పెళ్ళికి వచ్చినవాళ్ళు, వెనకనుంచి చూడాల్సింది మనం అని. వెనక్కి తిప్పితే ఆకురాయి గీతలు, అతుకులు, అరిగిన చోట్లు కనిపించేవి. ఒకరి దుద్దుల్లో ఎడమదాని అంచు మాత్రమే అరిగి ఉంటే, "ఈవిడ ఎడం పక్కకి తిరిగి పడుకుంటారు" అన్నారు. మర్నాడు ఆ దుద్దుల మనిషి వస్తే ఆచారి గారు ఆగలేక అడిగేశారు. ఆవిడ తెల్లబోయి, "ఆయ్, అవునండి. మీకెవరు చెప్పేరండి?" అంది. ఇంకోసారి ఒక పాత గుండ్ల పేరు వచ్చింది. గుండ్లు కొన్ని సన్నగా నొక్కుకుపోయి ఉన్నాయి. అవి సరిచేయబోతే మామ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. "అవి పళ్ళు వచ్చేటప్పుడు పిల్లలు కొరికినవే. తల్లి ఎత్తుకుంటే నోటికి అందేది అదే కదా. వాళ్ళు తియ్యమంటే తీద్దాం. మనంతట మనం తియ్యకూడదు." అతుకు కూడా అంతే. ముందువైపు ఎంత బాగా కలిపేసినా, వెనకవైపు దాన్ని దాచనిచ్చేవారు కాదు. తర్వాత ఎప్పుడో ఇంకొకరు దీన్ని మంట మీద పెడతారు, ఎక్కడ అతికామో వాళ్ళకి తెలియాలి కదా అనేవారు. ఇవన్నీ నేను డైరీలో రాసుకునేదాన్ని. రాసుకున్నాను కాబట్టి నాకు వచ్చేసిందని అనుకున్నాను.

అలా అనుకుంటున్న రోజుల్లోనే టీచర్ గారి ఏడురాళ్ళ దుద్దులు వచ్చాయి. ఆవిడ ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆ దుద్దులు వాళ్ళమ్మగారివి. కూలిపనుల ఇంట్లో పుట్టి, మిషన్ బడిలో చదువుకుని, వాళ్ళ ఇంట్లో మొట్టమొదట టీచరుద్యోగం చేసినావిడ ఆ తల్లి. ఉద్యోగం వచ్చిన ఏడాది చేయించుకున్న దుద్దులవి. ఒంటి మీద ఆవిడకున్న బంగారం అదొక్కటేనట. పది రోజుల్లో చర్చిలో టీచర్ గారి కూతురి పెళ్ళి. ఆ రోజు తను ఇవే పెట్టుకోవాలని టీచర్ గారి కోరిక. ఒకదాని శీల మర అరిగిపోయి జారిపోతోంది, అంతే. మామ్మగారు శీల మార్చారు. ఆ మధ్యాహ్నం మామ్మగారూ ఆచారి గారూ కొత్తపేటలో ఏదో శుభకార్యానికి వెళుతూ, "సాయంత్రం టీచర్ గారి ఇంట్లో ఇచ్చేసి వెళ్ళు" అని నాకు అప్పగించారు. దుద్దులు జిడ్డుపట్టి ఉన్నాయి. శుభ్రం చేసి ఇస్తే టీచర్ గారు సంతోషిస్తారని, మామ్మగారు మెచ్చుకుంటారని నాకు తోచింది. గాజుల్ని ఆవిడ వేడి కుంకుడు రసంలో వెయ్యడం వందసార్లు చూశాను. దుద్దుల్నీ అలాగే వేశాను.

తీసి తుడిచేసరికి బంగారం మెరిసింది. రాళ్ళు మాత్రం, ఒకదాంట్లో నాలుగు, నల్లబడిపోయాయి. పాత పనిలో రాయి కింద లక్క, దాని మీద పల్చటి వెండి రేకు పెట్టి, పైన రాయి పొదిగి మూసేస్తారు. రాయి ఎర్రగా వెలిగేది ఆ రేకు వెలుగుతోనే. రేకు దాకా నీళ్ళు వెళ్ళాయంటే అక్కడితో సరి. ఈ సంగతి నా డైరీలో ఉంది. మామ్మగారు చెప్పిన రోజే, ఆవిడ మాటల్లోనే రాసుకున్నాను.

ఆ సాయంత్రం టీచర్ గారి ఇంటికి వెళ్ళలేదు. మర్నాడు పొద్దున్నే దుద్దులు మామ్మగారి ముందు పెట్టాను. ఆవిడ వాటిని ఒకసారి తిప్పి చూశారు. లేచి, వసారాలో తిరగడం మొదలుపెట్టారు. ఆచారి గారు భూతద్దంతో చూసి నెమ్మదిగా అన్నారు, "నాలుగు కొత్త రాళ్ళు వేసేద్దాం. రంగు కలిసేవి నేను తెస్తాను. టీచర్ గారు వెనక్కి తిప్పి చూస్తారా ఏంటి?"

"ఆవిడ చూడరు. ఈ పిల్ల చూస్తుంది, జీవితాంతం." మామ్మగారు నా వైపు తిరిగారు. "వెళ్ళి చెప్పిరా. విప్పి, రేకులు మార్చి, అవే రాళ్ళు మళ్ళీ కూర్చుతామని చెప్పు. విప్పేటప్పుడు రాయి పగలొచ్చని కూడా చెప్పు. ఆవిడ సరేనంటేనే విప్పుతాను."

"మీరు కూడా రండి మామ్మగారూ."

"నేను నీళ్ళలో వేశానా?"

వసారాలోంచి బయల్దేరలేక, అక్కడే కూర్చుని నోట్‌బుక్కు కాగితాల మీద రెండు పేజీల ఉత్తరం రాశాను. తప్పు ఎలా జరిగిందో, ఎంత బాధపడుతున్నానో, అన్నీ పొందికగా రాశాను. ఇంత బాధలోనూ ఒక వాక్యం కొట్టేసి ఇంకా బాగా రాసిన సంగతి నాకు ఇప్పటికీ సిగ్గు. టీచర్ గారి వీధరుగు మీద నిలబడి దుద్దుల పొట్లం, దాని మీద ఉత్తరం పెట్టి అందించాను. ఆవిడ ఉత్తరం అందుకుని, మడత విప్పకుండానే అడిగారు.

"ఏంటిది?"

"అందులో రాసేనండి."

"నువ్వు ఎదురుగానే ఉన్నావు కదమ్మా. చెప్పు."

చెప్పాను.  ఆవిడ పొట్లం విప్పి నల్లబడిన రాళ్ళు చూసుకున్నారు. ఒక్కో రాయి మీదా వేలు పెట్టి చూశారు. "మా అమ్మ పోయేరోజు కూడా ఇవి ఆవిడ చెవులకే ఉన్నాయి. నేనే తీసేను," అన్నారు చివరికి. నేను ఏడుస్తున్నాను. ఆవిడ ఓదార్చలేదు. "ఏడవడం తర్వాత. విప్పితే రాయి పగులుతుందా?"

"పగలొచ్చండి."

"పగలదని చెప్పకుండా పగలొచ్చని చెప్పేవు. సరే, విప్పమను." ఉత్తరం నా చేతిలోనే తిరిగి పెట్టారు. "ఇది నీ దగ్గరే ఉంచుకో."

వారం రోజులు పట్టింది. ఆ వారమంతా మబ్బే. రెండు గంటలు వెలుగొస్తే మామ్మగారు ఆ రెండు గంటలూ తల ఎత్తేవారు కాదు. బంగారపు అంచుని వెంట్రుకంత వెంట్రుకంత లేపి, రాయి తీసి, నా అరచేతిలో పెట్టేవారు. పడేస్తానేమోనని నేను రెండో చెయ్యి కింద పట్టేదాన్ని. రాయి ఒక్కటీ పగల్లేదు. పెళ్ళికి రెండు రోజుల ముందు అయిపోయింది. కానీ ఆఖరి రాయి పాత ఎరుపుకి రాలేదు. ఆరు రాళ్ళ పక్కన కాస్త ముదురుగా ఉండిపోయింది. మామ్మగారు దాన్ని రెండుసార్లు విప్పి మూశారు. మూడోసారి ఉలి పట్టుకుని, ఆగి, పక్కన పెట్టేశారు. "బావుంది, కుదరలేదు" అన్నారు. అప్పుడు ఆ మాటకి అర్థం తెలిసింది.

దుద్దులు తీసుకెళ్ళి, ఆ ముదురు రాయి చూపించి మరీ ఇచ్చాను. టీచర్ గారు పెళ్ళికి అవే పెట్టుకున్నారు. ఆ తర్వాత ఎప్పుడు బస్సులో కనిపించినా చెవి మీద వేలు పెట్టి, "నీ రాయి క్షేమంగా ఉంది" అనేవారు. మొదట్లో అది దెప్పిపొడుపు అనుకుని తల దించుకునేదాన్ని. కాదని తెలియడానికి చాలా రోజులు పట్టింది.

తర్వాత వసారాలోకి పని రావడం తగ్గింది. నేను ఈ దుకాణంలో చేరాను. చేరిన రెండో నెలలో, వానల్లో, మామ్మగారు పోయారు. కబురు తెలిసి వెళ్ళేసరికి ఆచారి గారు ముందుగదిలో త్రాసు ముందు ఊరికే కూర్చుని ఉన్నారు. పలకరించడానికి వచ్చిన ఒకాయన "మీ చేతి పని ఇంక ఎక్కడ దొరుకుతుందండీ" అన్నాడు. ఆచారి గారు వసారా వైపు చూశారు. "నా చెయ్యి కాదండి. ఎప్పుడూ కాదు" అన్నారు. వసారాలోంచి మాటేమీ రాలేదు.

ఇవాళ లక్క వాసనలో నాకు గుర్తొచ్చినవి ఇవి. కంటె తెచ్చినావిడకి నేను ఏమీ చెప్పలేదు. చెప్పినా ఆవిడ కరిగించమనే అనేదేమో. అది వేరే సంగతి. ఆవిడ అడిగినా నేను చెప్పలేదు. భోజనం డబ్బా విప్పి మళ్ళీ మూసేశాను. బల్ల మీది కాగితాలు మూడుసార్లు సర్దాను. మేనేజర్ గారు "ఏవైందండి, కుర్చీలో చీమలున్నాయా?" అని నవ్వారు.

నాలుగింటికి ఐ.పోలవరం నుంచి ఒకావిడ వచ్చింది, చంకలో పాపతో. పర్సులోంచి గుండ్ల పేరు తీసి బల్ల మీద పెట్టింది. "సొట్టలు పడిపోయిందండి. మార్చేసి పాపకి గొలుసు తీసుకుంటాను." తిప్పి చూశాను. మంట కోసం వెనకగది మనిషి చెయ్యి చాచాడు. నేను ఇవ్వలేదు.

"ఇవి ఎవరివండి?"

"మా నాయనమ్మవండి."

"ఈ సొట్టలు వాటంతట అవి పడినవి కాదండి. పళ్ళు వచ్చేటప్పుడు పిల్లలు కొరికినవి." నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "మీ నాన్నగారివి కూడా ఉండుంటాయి."

మేనేజర్ గారు తలెత్తారు. ఆవిడ ఒక గుండు మీద బొటనవేలు పెట్టి రాస్తూ ఉండిపోయింది. పాప దాని కోసం చెయ్యి చాచింది. "ముందే తెలిస్తే ఇంత దూరం వచ్చేదాన్ని కాదు కదండి" అంది కాస్త కోపంగానే. మళ్ళీ తనే, "ఒక్క గుండు ఉంచుకుని మిగతావి మార్చుకోవచ్చాండి?" అని అడిగింది.

"ఆయ్, వచ్చండి" అన్నాను.

ఏ గుండు ఉంచుకోవాలో తేల్చుకోవడానికి ఆవిడకి పావుగంట పట్టింది. దారం నేనే విప్పి ఇచ్చాను, లోపల లక్క ఉన్న మిగతా గుండ్లు వెనకగదికి వెళ్ళాయి. మళ్ళీ అదే వాసన వచ్చింది. మనసు కుదుటపడలేదు, పొద్దున్న కరిగిపోయిన ఆ కంటె అలాగే గుచ్చుకుంటోంది. టీచర్ గారు తిరిగిచ్చిన ఉత్తరం ఈ డైరీ అట్టలోనే ఉంది. ఆ రోజు నోటితో చెప్పలేక రాశాను. ఇవాళ ముందు చెప్పి, తర్వాత రాస్తున్నాను.