దిష్టికాయ కట్టని పురుగుల ఇల్లు

నాకు అనుమానం కాస్త ఎక్కువ. పాలాయన చెంబులో పాలు పోస్తుంటే నేను చెంబు చూడను, ఆయన మొహం చూస్తాను. బాప్తిస్మం తీసుకున్నాక చాలా మానుకున్నాను. నోరు పారేసుకోవడం మానుకున్నాను, పుట్టింటివాళ్ళతో పంతాలు మానుకున్నాను. అనుమానం మాత్రం నాతోపాటే నీళ్ళలో మునిగి నాతోపాటే పైకి లేచింది.

కర్ణాటకలో చింతామణికి దగ్గర్లో మా పల్లె. ఇంటి వెనక మల్బరీ తోట, తోట అంచున పట్టుపురుగులు సాకే ఇల్లు. మా వీధిలో ఏ పురుగుల ఇంటి గుమ్మం చూసినా నిమ్మకాయ, మిరపకాయలు, బూడిదగుమ్మడికాయ వేలాడుతుంటాయి. కన్ను తగిలితే పురుగు గూడు కట్టదని అందరి భయం. మా గుమ్మానికి ఏమీ ఉండదు. దేవునికి ఇష్టమైనట్టు బతకాలంటే ముందు ఆ భయాన్ని వదలమని మా పాస్టరుగారు చెప్పిన సాయంత్రమే స్టూలెక్కి అన్నీ తెంపేశాను. వీధంతా చూసింది. నిజం చెప్పొద్దూ, చూడాలనే వెలుతురుండగా తెంపాను.

పక్కింట్లో మా తోటికోడలు ఉంటుంది. మా ఆయన అన్న భార్య, నాకు అక్క వరస. ఆమెకు పిల్లల్లేరు. సీమంతాలకు ఆమెను పిలవరు. ఆమె ఎదురొస్తే చంటిపిల్లల మొహం మీద కొంగు కప్పే తల్లుల్ని నేను చూశాను. పాపం అనుకునేదాన్ని. అనుకుంటూనే, ఆమె మా పురుగుల ఇంటి వైపు వస్తుంటే చేతిలో పని వదిలేసి ఆమె కళ్ళనే చూసేదాన్ని. ఆమె రోజూ వచ్చేది. తన తోటలో మిగిలిన ఆకు కోసి తెచ్చి, గుమ్మంలో నిలబడి పురుగులు మేయడం చూసి వెళ్ళేది. ఇంత ఆకు ఊరికే ఎందుకు తెస్తుంది, ఏం కావాలి ఈమెకు, అని నా బుర్రలో ఒకటే గొడవ.

పోయిన వానాకాలం పురుగుల పంట మొదట్లో చాలా బాగా ఎదిగింది. పురుగులు ఆకు మాని కదలకుండా పడుకునే రోజుల్ని మేం జ్వరమంటాం. నాలుగో జ్వరం దాటి లేచి, వేసిన ఆకు వేసినట్టే తినేస్తున్నాయి. ఒకరోజు అక్క వాటిని చూసి, "ఎంత బాగుండాయమ్మా! నీ చెయ్యి మంచిది" అన్నది.

నవ్వాను. ఆమె అటు వెళ్ళగానే కిటికీకి గోనెపట్టా కట్టాను.

"ఏమే, గాలాడొద్దా?" అన్నాడు మా ఆయన.

"బయటోళ్ళు వస్తే రోగం వస్తాదని రేష్మె ఇలాఖెవాళ్ళు చెప్పల్యా?"

పట్టు పరిశ్రమ శాఖవాళ్ళు ఆ మాట చెప్పింది వాస్తవమే. అంత మంచి సాకు దొరికినందుకు లోలోపల సంతోషపడ్డాను. మర్నాటి నుంచి ఆకు మోపు బయటే దించమని అక్కతో అన్నాను. ఆమె వెళ్ళాక ఆ ఆకు తీసుకెళ్ళి ఆవుకు వేసేదాన్ని.

మూడో రోజుకు పాలరోగం కనిపించింది. పురుగు ఉబ్బి పసుపు తిరుగుతుంది, తాకితే పాలలాంటి నీరు కారుతుంది. మొదట ఒక తట్టలో, తర్వాత అన్నింట్లో. నాకు ఆమె అన్న మాట తప్ప ఇంకేమీ గుర్తుకు రాలేదు. ఆదివారం సంఘంలో లేచి నిలబడి, మా కష్టం మీద ఒకరి చెడ్డ కన్ను పడింది, ప్రార్థించమని అడిగాను. పేరు చెప్పలేదు. మా ఊరి నుంచి వచ్చే ఆడవాళ్ళకు పేరు చెప్పక్కర్లేదు. వాళ్ళు తలలూపారు. నాకు ఊరటగా అనిపించింది, ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

సోమవారం చిక్కబళ్ళాపురం నుంచి ఇలాఖె ఆయన వచ్చాడు. తట్టలన్నీ చూసి, మా ఆయన వైపు తిరిగాడు.

"ఏమప్పా, రోగముండే పురుగుల్ని ముట్టుకోని నేరుగా ఈడికొచ్చినోళ్ళు ఎవరన్నా ఉండారా?"

మా ఆయన చూపు పక్కింటి గోడ మీదికి పోయింది. ఆ చూపు ఆయనకు నేర్పింది నేనే.

అప్పుడు గుర్తొచ్చింది. అక్క ఆ మాట అనడానికి రెండు రోజుల ముందు, మా సంఘం ఆడవాళ్ళం బాగేపల్లి దాటి ఒక పల్లెకు వెళ్ళాం. అక్కడ ఒక విశ్వాసి ఇంట్లో పురుగులకు పాలరోగం. అందరికన్నా ముందు నేనే లోపలికెళ్ళి, తట్ట తట్టకూ చేతులు పెట్టి కన్నీళ్ళతో ప్రార్థన చేశాను. బస్సు దిగేసరికి మా పురుగులకు మేత వేళ దాటిపోయింది. కాళ్ళూ చేతులూ కడగకుండా, చీర మార్చకుండా, అదే చేత్తో ఆకు వేశాను. ప్రార్థన చేసిన చేతికి రోగం అంటుతుందని నాకు తోచనే లేదు.

"నేనే సార్" అన్నాను.

మధ్యాహ్నం తోట మూల గుంత తీసి పురుగులన్నీ పోసి సున్నం చల్లాం. అక్క కూడా వచ్చి, పిలవకుండానే తట్టలు మోసింది. పని అయ్యాక ఆమెకు అంతా చెప్పాను. కిటికీ సంగతి, ఆవు సంగతి, సంఘంలో అడిగిన ప్రార్థన సంగతి.

"తెలుసమ్మా" అన్నది. "ఆవుకేస్తాంటే చూస్తి."

"తెలిసీ ఎందుకొచ్చినావక్కా?"

ఆమె చేతులకంటిన సున్నం దులుపుకుంటూ అన్నది. "మీ దేవుణ్ణి నమ్మినోళ్ళకు దిష్టి అనేదే ల్యాదని నువ్వే ఊరంతా చెప్తివి గదమ్మా. ఈ ఊర్లో నేను భయపడకుండా పోయే ఇల్లు ఇదొక్కటన్నా ఉండాదిలే అనుకుంటి. యాడికి పోయేదమ్మా మరి?"

రేపు కూడా రమ్మన్నాను. చేతులు పట్టుకుని మరీ అడిగాను. "చూద్దాంలేమ్మా" అని కాళ్ళు కడుక్కుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు పంటలు తీశాం, రెండూ బాగానే వచ్చాయి. ఆమె మాత్రం రాలేదు.