ఎదురింటి వదిన కట్టిన రెక్కలు

మంగళవారం పొద్దున పాల ప్యాకెట్ కోసం తలుపు తీస్తే ఎదురింటి గుమ్మం ముందు చెప్పులు కనిపించాయి. పది జతల పైనే ఉన్నాయి. ఆ ఇంట్లో ఉండేది ఒక్క మనిషి. పాలు అక్కడే వదిలేసి పోయాను. తెల్లారేసరికి కొట్టు తెరిచే మనిషి ఫోన్ ఎత్తకపోతే ఉప్పల్ నుంచి కూతురు పరుగున వచ్చిందట. మా ఎదురింటి వదిన నిద్రలోనే వెళ్లిపోయింది.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది. పోయినవాళ్ల గురించి మన చర్చి సంఘం పత్రికలో నాలుగు మంచి మాటలు వేస్తారు. ఆ నాలుగూ చెబుతాను. ఐదో మాట మంచిది కాదు, అది నా గురించి. దాన్ని తీసేసేటట్టయితే మొత్తం తీసేయండి.

వరసకు ఆమె నాకేమీ కాదు. భర్తకు నాచారం ఫ్యాక్టరీలో పని దొరికితే గోదావరి వైపు నుంచి వెంట వచ్చింది. నేను జనగామ వైపు నుంచి అదే ఫ్యాక్టరీకి ప్యాకింగ్ పనికి వచ్చాను. ఇంట్లో దిగిన రోజే నా గుమ్మంలో నిలబడి, "వదినా, కాస్త చింతపండు ఉంటే పెడతావా?" అని అడిగింది. ఆ పిలుపే నిలిచిపోయింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక భర్త మార్కెట్ వెనక చికెన్ కొట్టు పెట్టాడు. అతను పోయాక కత్తి ఆమె పట్టుకుంది. ఆడమనిషి కోళ్లు కోయడమేమిటి అన్నవాళ్లే ఆదివారం వచ్చి ఆమె కొట్టు ముందు వరస కట్టారు.

ఆదివారం మొదటి ఆరాధన తప్పేది కాదు. నిమ్మచెక్కతో మోచేతుల దాకా రుద్దుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి, చివరి బెంచీలో తలుపు పక్కన కూర్చునేది. అయ్యగారు చివరి ప్రార్థన ముగించగానే కొట్టుకు పరుగు.

"ముందటికి రారాదె, అయ్యగారి మాట సక్కగ ఇనబడ్తది" అని నేను పిలిస్తే, "ఎంత కడిగినా కొట్టు నాతోనే వస్తుంది వదినా. నా పక్కన కూర్చున్నవాళ్లు కళ్లతోపాటు ముక్కు కూడా మూసుకోవాలి" అని నవ్వేది. ఆ నవ్వు కింద ఏముందో నాకు తెలుసు. తెలిసే చేశాను. అందుకే ఈ ఐదో మాట.

చర్చి కప్పు సంగతి మీకందరికీ తెలుసు. దూలాలను చెదలు తిన్నాయి, వాన పడితే పాటల పుస్తకాలు తడిచేవి. మరమ్మతు కోసం క్రిస్మస్ ముందు ఆదివారం దేవదూతల ప్రదర్శన పెట్టి, వాటిని అమ్మాలని స్త్రీల సమాజం నిర్ణయించింది. ఇంటికొక దేవదూత. కొన్నది పెట్టకూడదు, చేత్తో చేసిందే పెట్టాలి. బల్లల పెత్తనం నాకు ఇచ్చారు. నేను పెళ్లినాటి తెల్లచీర జరీ అంచు కోసి దేవదూతను చేశాను. అంతకు మించింది రాదని ఊరంతా చెప్పుకున్నాను.

ఆమె రెండు నెలలు ఈకలు ఏరింది. రెక్కల్లోవి, మచ్చ లేని తెల్లవి మాత్రమే. కుంకుడు రసంలో కడిగి, నిమ్మనీళ్లలో ముంచి, డాబా మీద దోమతెర కింద ఆరబెట్టేది. ఒకరోజు గాలికి తెర లేచి, ఈకలు వచ్చి నా వడియాల మీద పడ్డాయి.

"ఓ వదినె! ఇవి వడియాలా, కోడి గూడా? ఏంది నీ కత?" అని మా డాబా పిట్టగోడ మీది నుంచి అరిచాను.

"అరవకు వదినా. దేవదూత ముందు మీ ఇంటికే వచ్చిందనుకో!"

"దేవదూతనా, బ్రాయిలర్ కోడా? జర తెర సక్కగ కట్టుకో!"

ఆ సాయంత్రం గిన్నెడు కోడికూర పంపింది. తిన్నాను. బాగుందని చెప్పలేదు.

ప్రదర్శన రోజు ఆరాధన కాగానే ఒక అట్టపెట్టె నా చేతిలో పెట్టింది. "మంచి చోట పెట్టు వదినా. ఆదివారం బేరం, నేను ఉండలేను. సాయంత్రం వస్తా" అని కొట్టుకు వెళ్లిపోయింది. షామియానా కింద నేనొక్కదాన్నే ఉన్నాను. పెట్టె తెరిచాను.

పాత నూలు చీరతో చేసిన మూరెడు బొమ్మ. ముఖం మామూలుగానే ఉంది. రెక్కలే వేరు. భుజం దగ్గర గోరంత ఈకలు, వాటి మీద వేలంతవి, చివరికి జానెడువి, ఒకదాని మీద ఒకటి సర్దుకుని ఉన్నాయి. గాలి తగిలితే మొత్తం రెక్క ఊపిరి తీసుకున్నట్టు కదిలింది. రోజూ రెక్కలు విరిచే మనిషికే తెలుస్తుంది, దేవుడు రెక్కను ఎలా కూర్చాడో. పక్కన నా జరీ దేవదూత దుకాణంలో కట్టేసిన పొట్లంలా ఉంది.

పెట్టె మూసి బల్ల కిందికి తోసి, గుడ్డ దించేశాను.

మధ్యాహ్నం కప్పు పని చూసే మేస్త్రి వచ్చాడు. నేను పెట్టె మూత మళ్లీ తీసి చూస్తుంటే అతని కంట పడినట్టుంది. "అవ్వా, గా కింద పెట్టిన బొమ్మ ఇయ్యరాదు? మా బిడ్డకు మస్తు నచ్చుతది. నిజం పిట్ట లెక్కనే ఉంది" అన్నాడు. "అది అమ్మేది కాదు, పో" అన్నాను.

సాయంత్రం ఆమె తలంటుకుని, మల్లెపూలు పెట్టుకుని వచ్చింది. బల్లలన్నీ ఒక చివర నుంచి చూసుకుంటూ వచ్చింది. "నాది లేదే వదినా! ఎవరైనా తీసుకున్నారా?" అని అడిగింది. ఆ ముఖంలో వెలుగు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

"తీసి కింద పెట్టిన. వాసనొస్తది అన్నరు."

"ఎవరన్నారు?"

"అందరు."

ఆమె తన అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. "పోనీలే వదినా. నేను ముందే అనుకోవాల్సింది" అని పెట్టె చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

వాసన లేదు. ఎవరూ ఏమీ అనలేదు. పెట్టె తెరిచింది నేను, మూసింది నేను, అబద్ధమాడింది నేను. ఆ రెక్కల నుంచి కుంకుడుకాయ, నిమ్మచెక్క తప్ప ఇంకేమీ రాలేదు. సంఘమంతా వినాలనే ఇది చెబుతున్నాను.

ఆ దేవదూతల పుణ్యమా అని కప్పు కొత్తదయింది. కానీ దాని కింద ఆమె ఒక్కరోజు కూడా కూర్చోలేదు. చివరి బెంచీ కూడా వదిలేసి వరండాలో కుర్చీ వేసుకుంది. ఎవరైనా అడిగితే, "ఇక్కడ గాలి బాగుంటుందండి" అనేది. రెండు వానాకాలాలు గొడుగు పట్టుకుని అక్కడే ఆరాధన చేసుకుంది. రొట్టె, ద్రాక్షరసం అయ్యగారు బయటికి తెచ్చి ఇచ్చేవారు. మీలో కొందరు ఆమెకు పొగరు అనుకున్నారు. కాదు. అది నేను వేసిన కుర్చీ.

చెప్పాలనుకోలేదా? అనుకున్నాను. నేను జ్వరంతో కీళ్లు పట్టేసి పడి ఉంటే పది రోజులు సూపు కాచి తెచ్చింది. గ్లాసు అందించి, చేయి వెంటనే వెనక్కి తీసుకునేది. అప్పుడు నోటి దాకా వచ్చింది. "వదినె, ఒక మాట..." అన్నాను. "ముందు తాగు, చల్లారిపోతుంది" అంది. తాగాను. రేపు చెబుదామనుకున్నాను. ఎదురిల్లే కదా, ఎక్కడికి పోతుందిలే అని.

మట్టి చేసి వచ్చాక కూతురు బీరువా మీద నుంచి ఆ పెట్టె దించి నా ఒడిలో పెట్టింది. "అత్తమ్మా, ఇది మీకివ్వాలనిపించింది. నెలకోసారి తెరిచి ఏదో చేసేది. ఎందుకమ్మా అంటే చెప్పేది కాదు" అంది.

తెరిచాను. ప్రతి ఈక కిందా కర్పూరం బిళ్లలు, లవంగాలు, ఎండిన నిమ్మతొక్కలు. లేని వాసనను రెండేళ్లుగా పోగొడుతూనే ఉంది.

అయ్యగారూ, సమాజం పెద్దలూ, నేను అడిగేది ఒక్కటే. అది అమ్మకానికి కాదు. చర్చిలో అన్నిటికన్నా ముందు, అందరికీ కనిపించే చోట, దూలానికి కట్టండి. ఎవరు చేశారో కింద రాయండి. ఇకనుంచి వరండాలో ఆ కుర్చీ నాది.

అప్పటిదాకా దాన్ని నా గదిలో మేకుకు తగిలించాను. ఫ్యాన్ వేస్తే ముందు భుజం దగ్గరి చిన్న ఈకలు లేస్తాయి, తర్వాత పెద్దవి. ఇల్లంతా కర్పూరం వాసన. కిటికీలన్నీ మూసే ఉంచాను.