గిన్నె ఖాళీ చెయ్యడం

చెప్పు ఎక్కడ జారిపోయిందో రమాసుందరికి తెలియలేదు. స్కూలు నుంచి వచ్చి, బస్సు దిగి, భవానీపురం సందులోంచి నడిచి, ఇంటి గుమ్మం ఎక్కుతుంటే ఎడమకాలు బోసిగా కనిపించింది. ఎండకు కాలిన సిమెంటు రోడ్డు మీద నడిచినా అరికాలికి వేడి తగల్లేదు. తిప్పి చూసుకుంటే బొబ్బ. షుగరొచ్చి నాలుగేళ్ళయినా ఆవిడ నిజంగా భయపడింది ఆ రోజే.

అంతవరకు భయపడాల్సిన అవసరమేముంది? ఎనిమిదో తరగతికి సోషల్ చెప్పే మనిషి, చెప్పినట్టు వినడం ఆవిడకు అలవాటే. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం బాక్సులో కప్పు అన్నం, బోలెడు కూర, రాత్రి రెండు జొన్నరొట్టెలు. సాయంత్రం కాళ్ళు లాగుతున్నా కృష్ణ ఒడ్డున నలభై నిమిషాల నడక. పెళ్ళి భోజనాల్లో లడ్డూ వడ్డించబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టేది. అయినా షుగరు దిగిరానంటే దిగిరానని భీష్మించుకు కూర్చుంది. ఇంత చేసినా ఫలితం లేకపోతే ఎవరికి మాత్రం విసుగు రాదు? ఆవిడకూ వచ్చింది. రొట్టెలు ఒత్తాలంటే విసుగు, నడవాలంటే విసుగు, చివరికి మాత్రల డబ్బా మూత తియ్యాలన్నా విసుగే.

డాక్టర్ వినీల బొబ్బకు మందు రాసి, అరికాలు అక్కడక్కడా నొక్కి చూసింది. తర్వాత, రోజూ ఏం తింటున్నదీ రమాసుందరి రాసి తెచ్చిన నోటుపుస్తకం తిరగేసింది.

"ఇంత పద్ధతిగా తింటుంటే ఈ రిపోర్టు ఇలా రాకూడదు మేడమ్. కాళ్ళలో స్పర్శ తగ్గిపోతోంది. ఇలాగే ఉంటే చిన్న దెబ్బ కూడా పుండై కూర్చుంటుంది, కాలికే ముప్పు. రాత్రి ఇంట్లోవాళ్ళ భోజనాలయ్యాక మీరేం చేస్తారు?"

"గిన్నెలు సర్దుతానండీ."

"అన్నం మిగిలితే?"

"ఓ రెండు మూడు గరిటెలు మిగులుతుంది. మజ్జిగ పోసుకుని తినేసి గిన్నె సింకులో పడేస్తా."

"మరి ఇందులో రాయలేదే?"

రమాసుందరి నిజంగానే ఆశ్చర్యపోయింది. "అది తినడం కాదండీ. గిన్నె ఖాళీ చెయ్యడం."

డాక్టరు నవ్వలేదు. పుస్తకం మూసి ఆవిడ చేతికిచ్చింది.

రాత్రి ఆ ఇంట్లో అన్నం మిగలని రోజు లేదు. ఎవరైనా వస్తారేమోనని ఒక గుప్పెడు ఎక్కువ వెయ్యడం అత్తగారు నేర్పిన అలవాటు. ఫోన్ చెయ్యకుండా ఈ రోజుల్లో ఎవరొస్తారు? రావలసిన కొడుకు శరత్‌చంద్రేమో "ఫ్రెండ్స్‌తో తినేశానమ్మా" అంటాడు, అదీ వడ్డించబోయేటప్పుడు. పొద్దుటికి చద్దన్నం ఎవరూ ముట్టరు. పారేద్దామంటే అత్తగారు జ్ఞానేశ్వరమ్మ ప్రాణం ఒప్పదు. ఆవిడది చల్లపల్లి దగ్గర పల్లెటూరు, నాట్లూ కోతలూ చూస్తూ పెరిగిన మనిషి. ఇక మిగిలింది రమాసుందరి కడుపు.

ఆ రాత్రీ గిన్నె అడుగున అన్నం మిగిలింది. రమాసుందరి తన రెండు రొట్టెలూ తినేసి ఊరికే కూర్చుంది.

"ఆ కాస్తా వేసుకోవే రమా, పారెయ్యకూడదు," అంది జ్ఞానేశ్వరమ్మ.

"పారేస్తే గుప్పెడు అన్నం పోతుంది అత్తయ్యా. తింటే నా కాళ్ళు పోతాయంట. ఏది పారెయ్యమంటారో మీరే చెప్పండి."

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచే ఓపిక కూడా లేదు. అత్తగారు గిన్నె వంక చూసి తల దించుకుంది. మొగుడు రాఘవ గిన్నె తన దగ్గరకు లాక్కున్నాడు. "నేను తినేస్తాలే. దీనికింత గొడవెందుకు?"

అప్పటికే ఆయన సుష్టుగా తిని ఉన్నాడు. నాలుగో ముద్ద దగ్గర ఆగి మంచినీళ్ళు తాగాడు. ఐదోది చేతిలోనే ఉండిపోయింది.

"ఇది రోజూ తింటున్నావా నువ్వు?"

"పెళ్ళయినప్పట్నుంచీ."

"ఆకలి లేకపోయినా?"

ఆకలేసి తిన్నది ఎప్పుడో రమాసుందరికి ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. దుఃఖం ముంచుకొచ్చింది. "ఏమోనండీ," అని లేచి వెళ్ళి పడుకుంది. అంట్లు సింకులోనే ఉండిపోయాయి.

మర్నాడు మధ్యాహ్నం బెల్లుకు ఇంకా పావుగంట ఉందనగా, పాఠం చెబుతుంటే కడుపులో ఏదో లాగినట్టయింది. గ్యాసనుకుని రెండు గుక్కలు నీళ్ళు తాగింది. మళ్ళీ లాగింది. పిల్లల్ని చదువుకోమని చెప్పి కుర్చీలో కూర్చుంది. ఏ మాత్ర వేసుకోవాలా అని హ్యాండ్‌బ్యాగు సగం వెతికాక గానీ అది ఆకలని ఆవిడకు తెలియలేదు.