కల్లంలోంచి కనిపించే వరండా

మా మిరప కల్లం ఊరి బడికి ఎదురుగానే ఉంటుంది. మధ్యలో రోడ్డు, అంతే. రంగు పోయిన తాలుకాయలు ఏరించడానికి కూలీలతో పొద్దంతా అక్కడే కూర్చుంటాను కాబట్టి బడిలో ఏం జరిగినా నాకు తెలియాల్సిందే. నా బుద్ధే అంత.

ఈమధ్య ఆ గేట్లోకి పిల్లల కంటే పెద్దవాళ్ళే ఎక్కువ వెళ్తున్నారు. ఒకరోజు బీపీ చూస్తారు, ఇంకోరోజు ఆధార్ కార్డుల్లో తప్పులు దిద్దుతారు. ఇది బడా, పంచాయతీ ఆఫీసా? తెలుసుకోకపోతే నాకు తోచదు.

అంతకంటే తోచనిది ఇంకొకటుంది. మా కల్లంలో కాయలేరే ఒకామె కూతురు ఆ బడిలోనే ఐదో తరగతి. ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే తల్లి లేచి చెయ్యి ఊపేది. పిల్ల వరండాలో నిలబడి ఇటే చూసేది గానీ చెయ్యెత్తేది కాదు.

"నువ్వు కూలి చేస్తన్నావని దానికి నామోషీ" అని పక్కవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. తల్లి నవ్వేసేది. ఒకరోజు మాత్రం నవ్వలేదు.

"అంత నామోషీ అయితే చదువెందుకు? సోమవారం నుంచి నా పక్కన కూర్చుని కాయలేరుద్ది."

నాకు ఒళ్ళు మండింది. "పిల్లని అడిగావటే?" అన్నాను.

"అడిగేదేముందమ్మగారూ, ఇటు చూస్తానే ఉందిగా."

ఆ శనివారం బడిలో కళ్ళ పరీక్షలు, తల్లులూ రావాలన్నారు. ఆమె రానంది. "దాని కళ్ళెంట నీళ్ళు కారేది మిరప ఘాటుకి. దానికి పరీక్షేంటండీ?" మా ఊళ్ళో ఎవరి కళ్ళెంట నీళ్ళు కారినా అందరం అనే మాట అదే. అక్కడేం చేస్తారో చూడాలని నాకే మనసు ఆగక, ఆమెను లాక్కుపోయాను.

గోడకు అక్షరాల అట్ట తగిలించారు. పిల్ల పైనున్న పెద్ద అక్షరం చదివింది. కింది వరస చదవమంటే, "ఎక్కడుందండీ?" అంది.

పరీక్ష చేసే అమ్మాయి తల్లి వైపు తిరిగింది. "పాపకి దూరంలో ఉన్నవి కనపడట్లేదమ్మా. కళ్ళజోడు కావాలి."

తల్లి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సోమవారం పిల్ల బడికే వెళ్ళింది.

కొన్నాళ్ళకు కళ్ళజోడు కూడా బడికే వచ్చింది. ఆ రోజు బెల్లు కొడితే తల్లి లేవలేదు. ఇప్పుడు కూడా చెయ్యెత్తకపోతే ఎలాగని భయమట. వరండాలోంచే పిల్ల మా కూలీలందరినీ ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చి, తల్లి దగ్గర చూపు ఆపింది. చెయ్యెత్తింది.

"లేవే, నీ కూతురు చెయ్యి ఊపుతోంది" అన్నాను.

లేస్తూనే కారం చేతులతో కళ్ళు తుడుచుకోబోయింది. చప్పున చెయ్యి పట్టుకుని ఆపాను. మోచేత్తో తుడుచుకుని, ఆ ఎర్రటి చెయ్యే పైకెత్తింది.