తీగ పీకి చూసే టీచరమ్మ

ఇది రాయకుండా తప్పించుకుందామనే అనుకున్నాను. కదిరిలో మా టైపు ఇన్‌స్టిట్యూటు టీచరమ్మ పోయిందని పోయిన నెల బస్టాండు దగ్గర సోడా తాగుతుంటే తెలిసింది. చెప్పినవాడు చెప్పేసి బస్సెక్కి వెళ్లిపోయాడు. సోడా సగంలోనే పెట్టేశాను. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లంతా కలిసి ఇంటర్నెట్టులో ఆమె పేరిట ఒక పేజీ పెడుతున్నారట, నన్నూ ఏదైనా రాయమన్నారు. నాకు రాత రాదన్నాను. అసలు కారణం అది కాదు. ఆమె గురించి నిజం రాయాలంటే నేను చేసిన తప్పొకటి రాయాలి.

నేను చదివింది ఎనిమిదో తరగతి. రేడియోలు బాగుచేసేవాణ్ణి. రేడియోలు పోయాక టేపురికార్డర్లు, అవీ పోయాక నెట్ సెంటరు. మొదటి కంప్యూటరు కొన్నరోజు దాన్ని వేసి చూడకముందే స్క్రూడ్రైవరుతో విప్పాను. లోపల దుమ్ము లేకపోయేసరికి ఇది పనిచేసే వస్తువు కాదేమోనని అనుమానం వచ్చింది. ప్రోగ్రాములు రాయడం కూడా అట్లాగే, విప్పి చూసి నేర్చుకున్నదే. దారి తప్పుతున్నాను. టీచరమ్మ దగ్గరికి వస్తాను.

ఆమె మొదట టైపు నేర్పేది, తర్వాత కంప్యూటర్లు. ఎవరు కాగితం టైపు చేసి ఇచ్చినా దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూసేది. "నీకు కనబడితే కాదు, చదివేటోనికి కనబడాల" అనేది. ఆమె దగ్గరున్న కంప్యూటర్లు ఊళ్లోకెల్లా పాతవి. వాటినీ మిషన్లనే అనేది. సాయంత్రం వాటి మీద ఇస్త్రీ చేసిన గుడ్డ కప్పనిదే ఇంటికి పోయేది కాదు.

రెండు వేల ఆరులో, జూన్ నెల. ఒక మంచి వాన పడింది. మా వైపు అట్లాంటి వాన పడితే నేలలో పదును ఐదారు రోజులే ఉంటుంది. ఆలోగా వేరుశెనగ విత్తనం పడాలి. మార్కెట్టు యార్డులో విత్తన కాయలు ఇస్తున్నారు. టోకెన్లు ముందే ఇచ్చారు. మైకులో నంబరు మూడుసార్లు పిలుస్తారు, పలకకపోతే మరుసటి రోజుకు. మరుసటి రోజుకు కాయలుంటాయో లేదో ఎవరికీ తెలియదు. మొదటి రోజు ఎండలో నిలబడి ఒక పెద్దాయన పడిపోయాడు. అది చూసి వచ్చిన టీచరమ్మ నేరుగా నా అంగడికి వచ్చింది.

"అన్నా, ఆడ పిలిచే నంబరు ఈడ తెర మీద కనబడితే ఎంతమంది నీడన కూర్చుంటారు?"

యార్డు ఆఫీసు కంప్యూటరులో ఆమె శిష్యురాలొకమ్మాయి పిలిచిన నంబరు కొట్టాలి. నా అంగడిలో, ఆమె ఇన్‌స్టిట్యూటులో అది కనబడాలి. పేజీ మాటిమాటికీ కొత్తగా తెరుచుకుంటే మా లైనుకు సగంసార్లు తెల్ల తెరే వచ్చేది. అందుకని ఇంకో పద్ధతి పట్టుకున్నాను. ఇక్కడి బ్రౌజరు ఒక్కసారి అడుగుతుంది, అవతలి సర్వరు మాట ముగించకుండా, ఒక్కో నంబరూ వచ్చినప్పుడల్లా పంపుతూనే ఉంటుంది. నా అంగట్లో కొత్త బ్రౌజరు. అందులో నీళ్లు పారినట్టు పారింది.

"నీ దాంట్లో వస్తే అయిపాయనా? నా పాత మిషన్‌లో చూడాల గదన్నా" అంది.

చూశాం. ఆమె అక్కడ తన మిషను ముందు ఫోను పట్టుకుని కూర్చుంది, నేను నా అంగట్లోనుంచి గబగబా ముప్పై నంబర్లు కొట్టాను. అన్నీ వెళ్లాయి.

"మొదట కొంచేపు రాకుండా ఉండి, గుంపుగా వచ్చినాయే?"

"లైను అంతేలేమ్మా."

"లైను తెగి మళ్లా వస్తేనో?"

"వస్తాదిలే" అన్నాను. ఆకలిగా ఉంది, భోజనానికి పోవాలి. చూడలేదు.

మరునాడు పొద్దున జనం చేరకముందు వచ్చిన మొదటి కొన్ని నంబర్లను ఎవరూ చూడలేదు, అక్కడినుంచి నూటనలభై వరకూ ఏ ఇబ్బందీ లేదు. ఇన్‌స్టిట్యూటులో నేలంతా జనం, ఒక్కొక్కరి చేతిలో టోకెను. పదకొండు గంటలప్పుడు లైను ఒక్క నిమిషం పోయి మళ్లీ వచ్చింది. కొంచెం సేపటికి ఆమె ఫోను.

"అన్నా, నీకాడ ఎంత ఉండాది?"

"నూటనలభై తొమ్మిది."

ఆమె నెమ్మదిగా అంది. "ఈడ నూటనలభై ఒకటే."

ఫోను పెట్టకుండానే ఆమె అరవడం వినబడింది. "లేయండి! నంబర్లు పోతాండాయి! యార్డుకు పరిగెత్తండి!"

ఎనిమిది మంది పరిగెత్తారు. ఏడుగురు మగవాళ్లు. వాళ్లు కౌంటరు మీద పడి కొట్లాడి ఎట్లాగో ఇప్పించుకున్నారు. ముదిగుబ్బ పక్కనుంచి వచ్చిన ఒక అక్కకు మోకాలి నొప్పి. ఆమెది నూటనలభై ఎనిమిది. ఆమె చేరేసరికి ఆఫీసరు గేటు దగ్గర పోలీసును పెట్టించాడు. "పిలిచినప్పుడు యాడ పోతివమ్మా? రేపు రా" అన్నాడు.

నేను ఇన్‌స్టిట్యూటుకు వెళ్లేసరికి తెర మీద అంకె ఒక్క ఎగురు ఎగిరి నూటయాభై రెండయింది. అప్పటినుంచి మళ్లీ మామూలుగానే వస్తోంది. లైను మళ్లీ తెగితే మళ్లీ పదిమంది. టీచరమ్మ సెల్లు చెవికి పెట్టుకుని, యార్డులోని అమ్మాయి చెప్పిన నంబరునల్లా గట్టిగా అరిచి చెబుతోంది. నేను ఆమె మిషను ముందు కూర్చున్నాను. నా వెనక అరవైమంది.

"ఏమప్పా, అయ్యేదేనా ఇది?" అన్నాడొకడు.

"ఊరికే ఉండప్పా. నూటయాభై ఆరు! అన్నా, కొత్తగా కలిసినప్పుడంతా మొదటి పదీ మింగుతాండాది. చూసినావా? నూటయాభై ఏడు!"

"చూసినాను. ఏంటికో తెలీలే."

"మా నాయన బావి మోటారుకు అడుగున ఫుట్‌వాల్వు కారుతాండె. ఆగిన ప్రతిసారీ బిందెతో నీళ్లు పోస్తేగాని ఎత్తేది కాదు. నూటయాభై ఎనిమిది! దీనికీ పోసి చూడు."

"ఏం పోయాల?"

"ఏమన్నా పొయ్యి. ఖాళీలు పొయ్యి!"

టైపు టీచరు కదా, ఆమెకు ఖాళీ కూడా ఒక అక్షరమే. పాత బ్రౌజరు కొంత సరుకు చేరితేగాని తెర మీద పెట్టదు. నా నంబర్లు పొట్టివి, పది కలిస్తేగాని ఆ కొలత నిండేది కాదు. ఒకసారి నిండితే ఆ తర్వాత ఏది వచ్చినా వెంటనే పెట్టేస్తుంది. లైను కలిసిన ప్రతిసారీ నంబరుకు ముందు మూడువందల ఖాళీలు పంపేట్టు సర్వరులో మార్చాను.

"అయింది" అన్నాను.

"అయిందో లేదో ఇప్పుడు తెలుస్తాది" అని ఆమె వంగి మోడెము తీగ పీకేసింది. మళ్లీ గుచ్చింది. మోడెము దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. తెర మీద నూటడెబ్భై మూడు అట్లాగే ఉంది. ఆమె ఫోనులో విని, "నూటడెబ్భై నాలుగు" అంది, ఈసారి అరవకుండా. తెర మీద నూటడెబ్భై నాలుగు వచ్చింది.

మరి ఫోనులోనే అరుచుకుంటే పోయేది కదా అని మీరు అడగొచ్చు. ఆ తర్వాత మూడు రోజులు ఆమెకు గొంతు రాలేదు.

మోకాలి నొప్పి అక్క మరునాడు మళ్లీ వచ్చింది. ఆమెకంటే ముందే కాయలు అయిపోయాయి. మళ్లీ లోడు వచ్చేసరికి పదును ఆరిపోయింది.

ఆ ఆదివారం టీచరమ్మ నా అంగడి ముందు నిలబడింది. "పాందా" అంది. ఎక్కడికని అడగలేదు. ఇద్దరం ముదిగుబ్బ బస్సెక్కాం. దిగేముందు అంది, "మిషన్ తప్పు అనొద్దన్నా. నీది అను. నాదీ అంటా. గుంపుగా వచ్చింది చూసి గూడా వదిలేస్తి."

ఆ అక్క వాకిట్లో గొర్రెకు ఆకు వేస్తోంది. నేను చెప్పాను, టీచరమ్మ చెప్పింది. ఆమె చేతిలో ఉన్న ఆకు గొర్రె ముందు పడేసి మా వైపు తిరిగింది.

"ఈ మాట చెప్పనీకె బస్సెక్కి వచ్చినారా?"

"ఊ."

"నా చేను ఈ ఏడు బీడేనమ్మా. మీ మాటతో మొలిచేది ఏముండాది?" అంది. లోపలికి పోయి రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చింది. "ఇంకోతూరి జనాన్ని కూర్చోబెట్టకముందే ఆ తీగేదో పీకి చూడండి."

ఆ మజ్జిగ తాగి లేచాం. క్షమించానని ఆమె అనలేదు. అనమని మేమూ అడగలేదు.

ఆ తర్వాత టీచరమ్మ ఎవరు ఏ ప్రోగ్రాము తెచ్చి చూపినా మొదట తీగ పీకేది. పిల్లలు నవ్వేవాళ్లు. నేను నవ్వలేదు. నన్ను ఆ రోజు ఒక్క మాటతో కూడా ఎత్తిపొడవని మనిషి ఆమె. చేసిన తప్పు చెప్పడానికి ముదిగుబ్బ దాకా తోడు వచ్చినవాళ్లు నా బతుకులో ఇంకెవరూ లేరు.

నిన్న ఇన్‌స్టిట్యూటుకు వెళ్లాను. పైన రాసిందంతా పెట్టిన ఆమె పేరిటి పేజీని ఆమె పాత మిషన్‌లో తెరిచాను. తెలుగంతా డబ్బాలు డబ్బాలుగా వచ్చింది. ఫాంటు వేసి మళ్లీ తెరిచాను, అక్షరాలు వచ్చాయి. తీగ పీకి, గుచ్చి, ఇంకోసారి తెరిచాను. వచ్చింది. మిషను ఆపి, గుడ్డ కప్పి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వచ్చాను.