జమ్మి లేకుండా వెళ్లిన రాయబారి

దేశానికి యుద్ధం మేలా, దౌత్యం మేలా అని నన్నెవరైనా అడిగితే రెండూ కాదు, మా అమ్మ మేలు అంటాను. నవ్వకండి. ఒకే దసరాకు రెండింటినీ నడిపి, రెండింట్లోనూ చిత్తుగా ఓడి, రెండు చామంతి తోటలనూ ఒక అన్నదమ్ముల బంధాన్నీ నిలువునా ఎండబెట్టబోయిన ఘనుణ్ని నేను. ఆ ముచ్చట మీకు చెబుతాను. మా పిల్లల చెవిన మాత్రం వేయకండి.

మాది రావిర్యాల. గోడకు ఇవతల మేము, అవతల పెద్దబాపు, అంటే మా బాపుకు సొంత అన్న. ఇళ్లు రెండు, చేన్లు రెండు, బోరు మాత్రం ఒక్కటే. ఒకరోజు నీళ్లు మాకు, మర్నాడు వాళ్లకు. ఇద్దరూ చామంతి వేసేవాళ్లు. దీపావళికి పూలు కోసి అమ్మితేనే మా రెండు ఇళ్లకూ ఏడాది గడిచేది. ఆ ఏడు వినాయక చవితి తర్వాత వాన ముఖం చాటేసింది. తోట వాడిపోతుంటే చూడలేక పెద్దబాపు ఒకనాడు మా వంతు నీళ్లను తన వైపు తిప్పుకున్నాడు. మాటా మాటా పెరిగింది. అన్నదమ్ములు పలకరించుకోవడం మానేశారు.

అయినా ఎవరికీ పెద్ద బెంగ లేదు. మా ఊళ్లో ఎంతటి కొట్లాటకైనా దసరా దాకే గడువు. ఆ సాయంత్రం అందరూ జమ్మికి మొక్కి ఆకు తెచ్చుకుంటారు. చిన్నవాళ్లు పెద్దవాళ్ల ఇంటికి వెళ్లి, బంగారమని ఆ ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు. పెద్దవాళ్లు లేపి గుండెకు హత్తుకుంటారు. తప్పెవరిదని ఎవరూ అడగరు. తాతల నాటి నుంచి చక్కగా నడుస్తున్న ఈ పద్ధతిలో ఆ ఏడు నేను వేలు పెట్టాను.

ఎందుకు పెట్టానంటే, నాకు బహుమతి వచ్చింది. అప్పుడు శంషాబాద్‌లో డిగ్రీ రెండో ఏడు. 'విదేశాంగ విధానానికి యుద్ధమా, దౌత్యమా' అని కాలేజీలో వక్తృత్వ పోటీ పెట్టారు. నాకు ద్వితీయ బహుమతి. పోటీలో ఉన్నది ఇద్దరమే అన్న సంగతి ఇంట్లో చెప్పలేదు. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నేను అర్ధరాత్రి దాకా ఆగే రకం కాదు, పట్టపగలే పట్టమన్నాను. బాపు ఆ ప్రశంసాపత్రానికి అద్దం కట్టించి దేవుడి పటాల పక్కన తగిలించాడు.

దసరా సాయంత్రం బాపు తెల్ల ధోవతి కట్టి, జమ్మి ఆకు జేబులో పెట్టుకుని చెప్పులు తొడుక్కున్నాడు. నేను గడపకు అడ్డంగా నిలబడ్డాను.

"యాడికి బాపూ?"

"యాడికేందిరా? అన్నకు జమ్మి ఇచ్చొస్త."

"గిప్పుడు నువ్వే ముందుగాల పోతే తప్పు మనదని ఒప్పుకున్నట్టయితది. ఫస్టు రాయబారి పోవాలె. షరతులు మాట్లాడాలె. గట్లయితేనే మన ఇజ్జత్ ఉంటది."

"అన్నకు జమ్మి ఇచ్చుడుల ఇజ్జతేందిరా?"

ఇది విదేశాంగ విధానమనీ, నీకు తెలియదనీ చెప్పాను. బాపు అద్దంలోని ప్రశంసాపత్రం వంక చూశాడు, నా వంక చూశాడు. "సరే, సదువుకున్నోనివి. నువ్వే సూడు" అని చెప్పులు విడిచి మంచం మీద కూర్చున్నాడు. నన్ను నమ్మి ఆయన ఆ చెప్పులు విడవడం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అమ్మ వంటింట్లోంచి, పోతే పో గానీ జమ్మి పట్టుకొని పోరా అంది. ఒప్పందం కుదరకముందే బంగారం ఎవరిస్తారమ్మా అని నేను ఖాళీ చేతులతో బయల్దేరాను.

పెద్దబాపు గడపలోనే కూర్చుని ఉన్నాడు. కొత్త చొక్కా, కొత్త తువ్వాల. ఎదురుచూస్తున్నాడని గుడ్డివాడికైనా తెలుస్తుంది. నన్ను చూడగానే మొహం విప్పారింది, చెయ్యి చాచాడు. ఆ చేతిలో పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు కాబట్టి షరతులు చదవడం మొదలుపెట్టాను. చర్చలు తటస్థ స్థలంలో, అంటే బోరు దగ్గర జరగాలి. ఇరుపక్షాలూ ఒకేసారి రావాలి. సరిగ్గా అప్పుడే శంషాబాద్‌లో దిగబోతున్న విమానం మా కప్పుల మీదుగా గర్జిస్తూ పోయింది. అది పోయేదాకా ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివాను. అంతసేపూ ఆయన చెయ్యి చాచే ఉంది.

"జమ్మేది బిడ్డా?"

"ముందు చర్చలు, తర్వాత జమ్మి."

పెద్దబాపు చెయ్యి వెనక్కి తీసుకుని తువ్వాలకు తుడుచుకున్నాడు. "గట్లనా? ఇగ నువ్వు పో బిడ్డా" అన్నాడు, అంతే. నేనేమో ఇంటికొచ్చి, వాళ్లు ససేమిరా అన్నారని నివేదిక ఇచ్చాను. బాపు జేబులోని ఆకు జేబులోనే ఉండిపోయింది.

దౌత్యం విఫలమైతే ఇక మిగిలింది యుద్ధమే. చీకటి పడకముందే చేనికి వెళ్లి బోరు స్టార్టరు డబ్బాలోంచి తెల్ల పింగాణీ ఫీజులు మూడూ పీకి ప్యాంటు జేబులో వేసుకున్నాను. పుస్తకాల్లో దీన్ని ఆర్థిక ఆంక్షలు అంటారు. శత్రువు తోట ఎండుతుంది, శత్రువు కాళ్ల బేరానికి వస్తాడు. ఇంత చదువు చదివినవాడికి ఒక్క సంగతి తట్టలేదు. ఆ బోరు మాది కూడా.

మర్నాడు పొద్దున బాపు మోటారు వేయబోతే ఫీజుల్లేవు. అన్నే పీకాడనుకున్నాడు. కాసేపటికి పెద్దబాపు వచ్చి చూశాడు, తమ్ముడే పీకాడనుకున్నాడు. నేను దొంగచాటుగా తిరిగి పెట్టేద్దామని వెళ్తే, అవతలివాడు ఫీజులు పెట్టి నీళ్లన్నీ తిప్పుకుంటాడని ఇద్దరూ బోరుకు చెరో పక్క కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నారు. ఒకరి మొహం ఒకరు చూడరు. ఎండ ముదిరింది. మూడో నాటికి రెండు తోటల్లోనూ మొగ్గలు తలలు వాల్చాయి. బాపు మధ్యాహ్నం ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, అన్నం కలపకుండానే కంచం పక్కకు నెట్టాడు.

"తోట పోతే పోనీ. అన్న నా నోటికాడి కూడు తీస్తడనుకోలే" అని లేచి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. అయినా నిజం చెప్పడానికి భయమేసింది.

ఆ మధ్యాహ్నమే అమ్మ నా ప్యాంటు ఉతకబోయి జేబులు చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. కొడుతుందనుకున్నాను, కొట్టలేదు. దండెం మీది బాపు చొక్కా జేబులోంచి ఎండిన జమ్మి ఆకు తీసి, ఫీజుల మీద పెట్టి, అన్నీ కలిపి నా దోసిట్లో పోసింది.

"పో. పెద్దబాపుకు ఇచ్చి కాళ్లు మొక్కు. నోరు తెరువకు."

దౌత్యం మీద నేను విన్న ఉపన్యాసాలన్నింట్లోకీ ఇదే గొప్పది. బోరు దగ్గరకు వెళ్లాను. ఇద్దరూ అక్కడే ఉన్నారు. పెద్దబాపు చేతిలో అన్నీ పెట్టి కాళ్ల మీద పడ్డాను. ఆయన ఆకును చూశాడు, ఫీజులను చూశాడు, నన్ను చూశాడు. తర్వాత, తమ్ముడితో ఇన్నాళ్లూ మూసుకున్న నోరు తెరిచాడు.

"తమ్మీ, జర ఇటు రా. నీ కొడుకు బంగారం తెచ్చిండు."

బాపు వచ్చి చూశాడు. ఆయన చేతిలోంచి కర్ర జారిపోయింది. "నువ్వే పీకినవనుకున్న అన్నా" అన్నాడు. "నేను నువ్వనుకున్న" అన్నాడు పెద్దబాపు. ముందు ఆయనకు నవ్వొచ్చింది, తర్వాత బాపుకు. నవ్వుతూ నవ్వుతూనే బాపు వంగి కాళ్లు మొక్కాడు, పెద్దబాపు లేపి హత్తుకున్నాడు. ఇద్దరి కళ్లూ తడిశాయి. ఇక గండం గడిచిందని నేను లేచి నిలబడ్డాను. అదే నా చివరి తప్పు.

రెండు దేశాలను అన్నిటికంటే తొందరగా కలిపేది ఏదో అప్పుడు తెలిసింది. ఉమ్మడి శత్రువు. బాపు ఒక చెవి పట్టుకున్నాడు, పెద్దబాపు రెండోది పట్టుకున్నాడు. శాంతి ఒప్పందం నా చెవుల మధ్యే కుదిరింది. దీపావళి దాకా రెండు తోటల పూలూ నేనే కోయాలి, బోరు ఛాయలకు రాకూడదు. చామంతులు నీళ్లు తాగి తలలెత్తాయి. నేను మాత్రం చాలా రోజులు ఎత్తలేదు.

ఇప్పుడా చేన్లు లేవు, ప్లాట్ల రాళ్లున్నాయి. బోరు ఎక్కడుండేదో నేను కూడా తడుముకోవాల్సిందే. చామంతి వాసన వస్తే మాత్రం చెవులు చల్లగా మండుతాయి. ముసలి అన్నదమ్ములిద్దరూ రోజూ ఒకే అరుగు మీద కూర్చుని, పైన పోయే విమానాలను తిట్టుకుంటూ టీ తాగుతారు. నేనేమో, దేవుడి పరిహాసం కాకపోతే, పిల్లలకు రాజనీతి శాస్త్రం చెప్పుకుని బతుకుతున్నాను.

కనుక సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట చేతిలో జమ్మి లేనిదే ఏ గడపా తొక్కను. ఏ అన్నదమ్ముల మధ్యకూ రాయబారిగా వెళ్లను. నా ఇంటి ఫీజు పోయినా సరే, దాని మీద చెయ్యి వేయను. పెద్దబాపుకు మాత్రం ఈ ప్రమాణం మీద నమ్మకం లేదు. ఏటా దసరాకు నేనిచ్చిన ఆకు కళ్లకద్దుకుని, నన్ను దగ్గరికి తీసుకుని, ఒక చేత్తో వీపు నిమురుతూ రెండో చేత్తో నా ప్యాంటు జేబు తడిమి చూసుకుంటాడు.