గాదెకు నేను వేసిన బీగం

పొద్దున దీపం పెడుతుంటే తెక్కలకోట నుంచి ఫోను వచ్చింది. లైబ్రేరియన్ సారు కూతురు. "అక్కా, నాయన పోయినాడు. తెల్లారి లేపితే లేయలే," అంది. అగ్గిపుల్ల వేళ్ళ దాకా కాలింది. ఏడుపు రాలేదు. చెప్పవలసింది చెప్పకుండానే అయిపోయింది, అనుకున్నాను.

బళ్ళారిలో మా యూనివర్సిటీ లైబ్రరీని ఆయన చాలా ఏళ్ళు చూసుకున్నారు. కంప్యూటర్లు వచ్చాక పాత కేటలాగు కార్డులు పారేయమన్నారు. ఆయన వాటిని ఇంటికి తీసుకుపోయి, వెనకవైపు మాటలు రాసుకున్నారు. బస్సులో విన్నవి, సొంతూరు దేశనూరులో వాళ్ళమ్మ నోట విన్నవి. గిన్నెలకు బోకులు, పచ్చడికి ఊరిబిండి, గేదెకు ఎనుము. కార్డుకు ఒక మాట, పెన్సిలుతో. ఈ సరిహద్దు తెలుగును రాసిపెట్టేవాళ్ళు లేరని ఆయన దిగులు.

నేను తమ్ముళ్ళు, చెల్లెళ్ళు నలుగురినీ పెంచి, నడివయసులో పరిశోధనకు చేరాను. మా జిల్లా తెలుగే నా విషయం. ఊళ్ళు తిరగడానికి ఇల్లు వదిలే వీలుండేది కాదు. అది గమనించి ఒకరోజు ఆయన బిస్కెట్ల డబ్బా ఒకటి నా ముందు పెట్టారు. నిండా కార్డులు.

"తీస్కోపోమ్మా. నా దగ్గరుంటే చెదలు తింటాయి. నీ దగ్గరుంటే నలుగురు చదువుతారు."

ఆ కార్డులే నా గ్రంథంలో చివరి భాగమయ్యాయి. మొదటి పుటలో దేవుడికి, గురువుకు, టైపు చేసినాయనకు కృతజ్ఞత చెప్పుకున్నాను. లైబ్రేరియన్ సారు పేరు రాయలేదు. సొంత సేకరణ అయితేనే బరువని ఎవరో అన్నారు. ఎవరో అనకపోయినా రాసేదాన్ని కాదేమో.

మౌఖిక పరీక్ష లైబ్రరీ హాల్లోనే జరిగింది. పరీక్షించడానికి వచ్చిన పెద్దాయన, "ఈ మాటలన్నీ మీరే సేకరించారా అమ్మా?" అని అడిగారు.

"ఔనండీ," అన్నాను.

సారు వెనక గోడ దగ్గర మైకు వైరు సరిచేస్తున్నారు. తలెత్తలేదు. అంతా అయ్యాక నీళ్ళ సీసా తెచ్చిచ్చారు. "గొంతెండినట్లుండాది. తాగమ్మా."

అప్పుడే మా యూనివర్సిటీలో రిపాజిటరీ మొదలైంది. పరిశోధనలన్నీ కంప్యూటర్లో దాచి, ఎక్కడివాళ్ళయినా చదువుకునేలా పెట్టే చోటు. ఆయన దాన్ని గాదె అనేవారు. "ఇంక పుస్తకానికి బీరువా వద్దమ్మా. దేశనూరులో కట్టమీద కూసోని చదువుకోవచ్చు," అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు.

నా గ్రంథం వివరాలు ఆయనే ఎక్కించారు. నేను పక్కనే కూర్చున్నాను. 'సహకారం' అని ఒక గడి ఉంది. అందరి గ్రంథాలకూ అది ఓపికగా నింపేవారు. జీపు నడిపినవాళ్ళ పేర్లు కూడా వదిలేవారు కాదు. నా దాని దగ్గర చెయ్యి కాసేపు ఆగింది.

"పుస్తకం చెప్పనిది మనం చెప్పగూడదు," అని తరువాతి గడికి పోయారు.

అందరూ చదవవచ్చా, మూసి ఉంచాలా అన్నచోట నేను మూసి ఉంచమన్నాను. తెరిస్తే దేశనూరులో ఎవరో ఒకరు ఆ మాటలు ఎవరివో గుర్తుపడతారని భయం. తెర మీద చిన్న బీగం గుర్తు పడింది. నా సంతకం లేకుండా దాన్ని తీయడానికి ఎవరికీ వీల్లేదు, ఆయనకు కూడా.

ఆ తరువాత కనిపించినప్పుడల్లా అడిగేవారు. "బీగం తీసినావామ్మా?" అచ్చుతప్పులు దిద్దాలన్నాను. తమ్ముడి పెళ్ళన్నాను. ఒక పత్రికకు పంపుతున్నాను, తెరిచి ఉంటే వాళ్ళు వేసుకోరన్నాను. ఆ వారమే ఆయన మళ్ళీ వచ్చారు.

"వాళ్ళకి రాసి అడిగినా. పర్వాలేదంటాండారు."

ఆయన నవ్వేశారు. "నలుగుర్ని సాకినావు, సంతోషం. ఈ సాకులు మాత్రం సాకమ్మా ఇంక!" కన్నడంలో సాకు అంటే చాలు. డబ్బాలో ఆ మాటకూ ఒక కార్డు ఉంది.

ఒక్కసారి మాత్రం, రిటైరయ్యాక, ఫోనులో అన్నారు. "మా యమ్మ మాటలు ఊర్లో పిల్లోళ్ళకి చూపించల్లని ఉండాది. నేనుండంగానే." చూస్తాను సార్, అన్నాను. రోజూ దీపం ముందు ఇంట్లో అందరి కోసం అడిగేదాన్ని. ఈ సంగతి దేవుడి ముందు కూడా ఎత్తలేదు.

పదకొండో రోజు తెక్కలకోటలో భోజనాలయ్యాక తిన్నగా లైబ్రరీకి పోయాను, డబ్బా పట్టుకుని. ఇప్పుడున్న లైబ్రేరియన్ కన్నడ ఆమె. నా గ్రంథంలో ఒక పుట మార్చాలన్నాను.

"పాతది మార్చేకి రాదక్కా. ఎట్లుందో అట్లే ఉండల్ల. పక్కన ఒక కాగితం జత చేయొచ్చు."

అదే సరైనదనిపించింది. నా తప్పు చెరిగిపోకూడదు. చివరి భాగంలోని మాటలన్నీ ఎవరు సేకరించారో, పరీక్షలో నేనేమన్నానో రాసి సంతకం పెట్టాను. బీగం తీసే కాగితం మీదా పెట్టాను. అక్కడ ఆయన పూర్తి పేరుంది. ఇక్కడ రాయడం లేదు. గాదె తెరిచే ఉంది, మీరు అక్కడికి పోయి చూడాలని.

ఇన్నాళ్ళు మూసి ఉంచిన కారణం అనే గడిలో ఒక్క మాట రాశాను. ఆమె తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది.

"సాకు... చాలు అనా, అక్కా?"

"కాదమ్మా. తెలుగులో చదువు."

ఆమె 'సహకారం' గడిలో ఆయన పేరు ఎక్కించింది. డబ్బా మూత తీసి, మొదటి కార్డు స్కానరు మీద పెట్టి, ఏ వైపు కావాలంది. రెండు వైపులా, అన్నాను. ఒకవైపు ఎప్పుడో పోయిన పుస్తకం పేరు, మరోవైపు ఆయన పెన్సిలు రాత. కింద నుంచి వెలుగు మెల్లగా పాకింది. ఆయన గట్టిగా ఒత్తి రాసేవారు. ఆ వెలుగులో పుస్తకం పేరు అచ్చు మీద అవతలివైపు పెన్సిలు గాట్లు తిరగబడి కనిపించాయి.